కేవ్-ఇన్-రాక్: గుహ చూడాలంటే నది ఒప్పుకోవాలి

కేవ్-ఇన్-రాక్ వెళ్లాలనుకుంటే ముందు ఒహాయో నది నీటిమట్టం చూసుకోవాలి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణాన, హార్డిన్ కౌంటీలో ఉన్న ఈ స్టేట్ పార్కులో గుహ సరిగ్గా నది ఒడ్డున, సున్నపురాతి గుట్ట అడుగున ఉంటుంది. నీళ్లు పెరిగితే దారి మునుగుతుంది. ఇంకా పెరిగితే నదే గుహలోకి వచ్చేస్తుంది.

మేం ఉండేది సెయింట్ లూయిస్ దగ్గర. అక్కడికి దాదాపు మూడు గంటల ప్రయాణం. అమ్మానాన్నలు వేసవి ముందు వచ్చారు గానీ, అప్పటికి వసంతకాలపు వానలతో నది నిండుగా ఉంది. అంతదూరం వెళ్లి పైనుంచి నీళ్లు చూసి రావడం నాకిష్టం లేదు. ఎగువనున్న షానీటౌన్ దగ్గర మట్టం ఎంతుందో ఇక్కడి వాతావరణ శాఖ ఆన్‌లైన్లో పెడుతుంది. దాన్ని చూడటం నాకంటే నాన్నకే ఎక్కువ అలవాటైంది. మాది భద్రాచలం మరి. "మనకి 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడ ఎంతకమ్మా?" అని పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగేవారు. వాళ్లు అమెరికాలో ఉండటానికి ఇచ్చిన ఆరు నెలల గడువు అయిపోతుందేమోనని నాకు టెన్షన్. శరదృతువు వచ్చాక నది బాగా తగ్గింది. పార్కుకి ఫోన్ చేస్తే గుహలోకి వెళ్లొచ్చన్నారు. ఆ శనివారమే బయల్దేరాం.

పార్కులోకి టికెట్ లేదు. కారు ఆపింది గుట్ట మీద. అక్కణ్ణుంచి కిందికి మెట్లు దిగాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకే నేను ఒక మెట్టు ముందు నడిచాను. ఆవిడ నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగింది. పెద్దవాళ్లతో వెళ్తే ఈ మెట్లకి తీరిగ్గా టైమ్ పెట్టుకోండి. రాళ్లు తడిగా ఉంటే జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి.

గుహ నోరు 55 అడుగుల వెడల్పు. లోపలికి అడుగుపెట్టగానే చల్లగా, మట్టివాసన. నేల మీద నది వదిలివెళ్లిన ఒండ్రు మెత్తగా తగులుతుంది. గోడల నిండా ఎవరెవరో చెక్కుకున్న పేర్లు. అంత పాత రాతిని అలా గీకేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంది. వెనకవైపు కప్పులో ఒక కన్నం ఉంది, దాంట్లోంచి వెలుగు నేరుగా రాతి మీద పడుతోంది. వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాక ఇక్కడ దొంగలు ఎందుకు మకాం పెట్టారో నాకు అర్థమైంది. నది మీద వచ్చే పడవ దూరం నుంచే కనిపిస్తుంది.

1790ల చివర్లో శామ్యూల్ మేసన్ అనే దొంగల నాయకుడు ఇక్కడ ఉండేవాడు. కొత్త భూములు వెతుక్కుంటూ సామానుతో, పిల్లాపాపలతో చదును పడవల మీద దిగువకి వచ్చే కుటుంబాలను వీళ్లు దోచుకునేవారు. హార్ప్ అన్నదమ్ములనే హంతకులూ ఇక్కడ తలదాచుకున్నారు. ఇదంతా చెబుతుంటే అమ్మ, "పాపం, ఆ ఆడవాళ్లు ఎంత నమ్మకంతో పడవెక్కి ఉంటారో" అంది. ఎక్కడ చదివినా దొంగల సాహసాలే గానీ ఆ కుటుంబాల ఊసుండదు. నాకు అమ్మ మాటే సబబనిపించింది. 1929లో ఈ చోటు స్టేట్ పార్కు అయింది.

పైకెక్కేటప్పుడు అమ్మ మధ్యలో రెండుసార్లు ఆగింది. అంతే, ఇబ్బంది లేదు.

అంతదూరం వెళ్లాక ఊళ్లోని ఫెర్రీ మాత్రం వదులుకోకండి. షికాగో నుంచి వచ్చే ఇల్లినాయ్ రూట్ 1 సరాసరి నీళ్ల దగ్గర ఆగిపోతుంది. వంతెన లేదు. కార్లను పంటు మీదికి ఎక్కించుకుని అవతల కెంటకీ ఒడ్డుకి దింపుతారు, పైసా తీసుకోరు. అక్కడ పనిచేసే అబ్బాయి చేత్తో సైగ చేస్తూ, బంపర్‌కి బంపర్ తగలకుండా కార్లను ఒద్దికగా నిలబెట్టాడు. నడిమధ్యకి వచ్చేసరికి బొగ్గు బార్జీల వరుసను నెట్టుకుంటూ ఒక టోబోటు వచ్చింది, అది దాటేదాకా మా ఫెర్రీ ఆగింది. నాన్న కిటికీ దించి బార్జీలన్నీ లెక్కపెట్టారు. అవతల దిగి, కాస్త తిరిగి, మళ్లీ అదే ఫెర్రీలో వెనక్కొచ్చాం. చీకటి పడకముందే హైవే ఎక్కేయండి, ఆ అడవిదారిలో జింకలు అడ్డొస్తాయి.