వంద నోట్ల కట్టలతో ముక్తినాథ్ దాకా

"కార్తీకమాసంలో నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి వెళ్దాంరా, బండి మీద" అని మావాడు అన్నప్పుడు నేను ముందు డబ్బు గురించే ఆలోచించాను. తలా పాతిక వేలు, అంతకు మించి ఇద్దరి దగ్గరా లేదు. 2023 నవంబరులో వెళ్ళొచ్చాం. బయల్దేరే ముందు నెల రోజులు చేసిన ఏర్పాట్లే ఆ డబ్బులో మమ్మల్ని గట్టెక్కించాయి.

నేపాల్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న గోరఖ్‌పూర్ దాకా బండి నడిపితే మూడు రోజులు, పెట్రోలు, లాడ్జీలు. అందుకని బండిని రైలు పార్సిల్‌లో వేశాం. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ జిరాక్సు ఇవ్వాలి, గోనెపట్టాలు చుట్టించాలి. మనం ఎక్కిన రైల్లోనే బండి కూడా వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి రెండు రోజుల ముందే పంపాం.

మొదట మావాడి అన్నయ్య బండి తీసుకెళ్దామనుకున్నాం, అది పెద్దది. కానీ ఆర్‌సీలో ఉన్న మనిషి మనతో లేకపోతే సరిహద్దులో ఆయన రాసిచ్చిన అనుమతి పత్రం చూపించాలి. ఆ టెన్షన్ ఎందుకని నా 150 సీసీ బండే ఖాయం చేశాం. మన ఇన్సూరెన్స్ నేపాల్‌లో దానంతటదే వర్తించదు, కొంత ప్రీమియం అదనంగా కట్టి పరిధి పెంచుకోవాలి. ఈ సంగతి చాలామంది చెప్పరు. కొండదారుల్లో బండి నడుపుతూ ఈ డబ్బు దగ్గర పొదుపు చేయొద్దు.

వీసా అక్కర్లేదు గానీ ఆధార్ చాలదు. పాస్‌పోర్టు, లేదంటే ఓటరు కార్డు ఉండాలి. అప్పట్లో వందకు మించిన మన నోట్లు అక్కడ చెల్లేవి కావు. వంద నోట్లు ఒక బ్యాంకులో లేవన్నారు, ఇంకో బ్యాంకులో సగమే ఇచ్చారు, మిగతావి మా వీధి కిరాణా కొట్టాయన వారం రోజులు పోగుచేసి ఇచ్చాడు. అన్నీ ఒకే జిప్ సంచిలో పెట్టాం. టీ అయినా పంక్చరైనా అందులోంచే. మన వందకి వాళ్ళ నూట అరవై కాబట్టి ఏ ధరైనా నోటితోనే లెక్క కట్టేవాళ్ళం.

సరిహద్దు ఊరు సునౌలీ దాటాక బండికి భన్సార్ కట్టాలి, అంటే కస్టమ్స్ సుంకం. ఎన్ని రోజులుంటామో చెప్పి ముందే కట్టాలి, గడువు దాటితే జరిమానా. అక్కడే మాకు గొడవ అయింది. ఆరు రోజులు చాలని నేను, ఎనిమిదికి కట్టాలని వాడు.

"రెండు రోజుల డబ్బు ఊరికే పోతుందిరా."

"పోనీరా. కొండల్లో బండి ఆగిపోతే ఏం చేస్తాం?"

వాడి మాటే నెగ్గింది. బుట్వల్, తాన్‌సేన్ మీదుగా పోఖరా చేరాం. అక్కడ అన్నపూర్ణ ప్రాంతానికి పర్మిట్ తీసుకున్నాం. మన దేశంతో సహా సార్క్ దేశాల వాళ్ళకి రుసుము తక్కువ. తిండికి అక్కడి థకాలీ తెగవాళ్ళ భోజనం పెద్ద అండ. అన్నం, పప్పు, కూర అడిగినన్ని సార్లు వడ్డిస్తారు, మధ్యాహ్నం కడుపునిండా తింటే రాత్రి టీ, బిస్కెట్లతో సరిపోయేది.

బేనీ దాటాక రోడ్డంతా రాళ్ళు, దుమ్ము. జోమ్‌సోమ్ దగ్గర కాళీ గండకీ లోయలో మధ్యాహ్నమైతే గాలి బండిని పక్కకి నెట్టేస్తుంది, అందుకే తెల్లవారుజామునే కదిలేవాళ్ళం. పై మలుపుల్లో బండి ఇద్దరినీ లాగలేక మూలిగేది. మావాడు దిగి, బ్యాగు భుజాన వేసుకుని నడిచేవాడు.

ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారల కింద వరసగా తల పెట్టుకుంటూ పరుగెత్తాం. పదో ధారకే మాడు మొద్దుబారిపోయింది. మావాడు చివర్న ఆగి, వాళ్ళమ్మ ఇచ్చిన చిన్న సీసా నింపుకుని స్వెటర్ లోపల దాచుకున్నాడు.

దిగేటప్పుడు తాతోపానీ దగ్గర క్లచ్ ప్లేట్లు పోయాయి. బండిని ట్రక్కులో ఎక్కించి బేనీ తెచ్చి బాగుచేయించేసరికి ఒకటిన్నర రోజు పోయింది. ఎనిమిదో రోజు సాయంత్రం, సంచిలో తొమ్మిది వంద నోట్లతో సునౌలీ దాటాం.