ప్యాసేజ్‌లో అసలు మాట పట్టుకోవడం: నా అనుభవం

నేను రాసిన బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగ పరీక్షలో తొలి దశ అయిన ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు జవాబుకి పావు మార్కు కోత. ఇందులో నన్ను ఎక్కువ ఏడిపించింది గ్రామర్ కాదు, రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే ఇచ్చిన ప్యాసేజ్ చదివి దాని మీద ప్రశ్నలకి జవాబులు పెట్టడం. అందులోనూ ‘ఈ ప్యాసేజ్ ముఖ్యాంశం ఏమిటి’ అనే ఒక్క ప్రశ్న. మిగతా ప్రశ్నలకి జవాబు ఏదో ఒక లైన్లో ఉంటుంది, వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు. దీనికి వేలు పెట్టి చూపించే లైను ఉండదు. ఐదు ఆప్షన్లలో మూడు తేలిగ్గానే పోతాయి. మిగిలిన రెండూ నిజమే అనిపిస్తాయి. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

మాది చోడవరం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. విశాఖలో డిగ్రీ అయ్యాక మద్దిలపాలెంలో రూము తీసుకుని, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ప్రిపేరయ్యేదాన్ని. ఆ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకి కొదవ లేదు. నేను చేరిన చోట చెప్పిన పద్ధతి ఒకటే: మొదటి పేరా, చివరి పేరా చదివి జవాబు పెట్టేయమని. అది కొన్నిసార్లు పనిచేస్తుంది. కానీ రచయిత మొదట అందరూ అనుకునే మాట చెప్పి, తర్వాత దాన్ని కాదంటే? అప్పుడు మొదటి పేరాని నమ్ముకున్నవాళ్లు సరిగ్గా ఎదుటి పక్షం జవాబు దగ్గరికి చేరతారు.

లైబ్రరీలో నా పక్కన చదువుకునే ఒక అక్క అప్పటికే ఒకసారి ప్రిలిమ్స్ దాటి రెండో దశ మెయిన్స్ రాసింది. నా మాక్ టెస్టు చూసి, “రచయిత ఎవరి మాట కాదంటున్నాడో ముందు అది చూడవే. తన మాటేదో దానంతటదే తెలుస్తుంది” అంది. తర్వాత ఇంగ్లిష్ పక్కన పెట్టించి, తెలుగు పేపర్లలో సంపాదకీయాలు చదివించింది. హెడ్డింగు మీద చెయ్యి అడ్డం పెట్టేది. చదివాక అందులో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పాలి. నేను “ఉద్యోగ పరీక్షల గురించి” అన్నాననుకోండి, ఒప్పుకునేది కాదు. “అది టాపిక్కే కదా. దాని గురించి ఏమంటున్నాడు?” అనేది. “నోటిఫికేషన్లు ఆలస్యమై పిల్లల వయసు దాటిపోతోంది, అందుకే ఏటా క్యాలెండర్ ప్రకటించాలంటున్నాడు” అని పూర్తి వాక్యం వచ్చేదాకా వదిలేది కాదు. నాకు కావాల్సింది ఇంకాస్త ఇంగ్లిష్ కాదని, ఇంకో రకం చదువని అక్కడే అర్థమైంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది: ఈ పని ముందు మన భాషలో చేసి చూడండి.

తర్వాత ఇంగ్లిష్ ప్యాసేజ్‌లు. ఒకటి పెన్సిలిన్ మీద. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ గాజు పళ్లెంలో బూజు చుట్టూ బాక్టీరియా చావడం గమనించడంతో మొదలైంది. ‘హౌవెవర్’ (అయితే) అనే మాటతో రెండో పేరా ఎత్తుకుంది: ఫ్లెమింగ్ దాన్ని శుద్ధి చేసి మందుగా మార్చలేకపోయాడు, పదేళ్లు దాటాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ బృందం ఆ పని మొదలుపెట్టింది. 1941లో ఒక పోలీసుకి ఆ మందు ఇచ్చారు. కోలుకుంటుండగా ఉన్న మందంతా అయిపోయింది, ఆయన చనిపోయాడు. ఆ తర్వాత అమెరికాలో పెద్దఎత్తున తయారీ, 1945లో ముగ్గురికీ కలిపి నోబెల్.

చదివాక మనసులో మిగిలేది ఆ పోలీసే. కానీ ఆయన కథ ఆ ప్యాసేజ్‌లో ఎందుకుంది? కనిపెట్టినంత మాత్రాన సరిపోదు, చాలినంత తయారు చేయగలగాలి అని చూపించడానికి. కథ ఉదాహరణ, అది మోస్తున్న మాటే ముఖ్యాంశం. ఈ తేడా తెలిశాక ఆప్షన్లు వాటంతటవే విడిపోయాయి. ‘పెన్సిలిన్‌ని 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టాడు’ నిజమే, అయితే ఒక పేరాకే సరిపోతుంది. ‘వైద్యశాస్త్రం ఎలా ఎదిగింది’ అనేది మరీ పెద్దది. ‘ఫ్లెమింగ్‌కి ఆ పేరు రాకూడదు’ అని రచయిత ఎక్కడా అనలేదు. ‘నోబెల్ ముగ్గురికీ పంచారు’ చివరి వివరం. మిగిలింది: ఒక ఆవిష్కరణ ప్రాణం నిలిపే మందు కావాలంటే ఎంతోమంది కలిసి చేసే పని కావాలి. నాలుగు పేరాలూ దీని కిందకే వస్తాయి.

ఇప్పుడు రెండు ఆప్షన్ల దగ్గర ఆగినప్పుడు నేను అడిగేది ఇదొక్కటే: దీన్ని హెడ్డింగుగా పెడితే ఏ పేరా అయినా బయట ఉండిపోతుందా? ఉండిపోతే అది జవాబు కాదు. రఫ్ షీటు మీద ఒక్కో పేరాకి రెండు మూడు తెలుగు మాటలు రాసుకుంటాను: ‘పాత నమ్మకం’, ‘కాదంటున్నాడు’, ‘ఉదాహరణ’, ‘ఏం చేయాలి’. మొదట్లో ఇది టైము తినేది. అలవాటయ్యాక మిగతా ప్రశ్నలకి ఏ పేరాలోకి వెళ్లాలో కూడా అదే చూపిస్తోంది, కాబట్టి ఆ టైము తిరిగి వచ్చేస్తోంది. ప్యాసేజ్‌లో నేరుగా చెప్పనిదాన్ని ఊహించి చెప్పమనే ఇన్‌ఫరెన్స్ ప్రశ్నలకి మాత్రం ఇది అంతగా సాయం చేయదు, వాటి దారి వేరు.

ప్రిలిమ్స్ గట్టెక్కాను. మెయిన్స్ కోసం ఇప్పుడు ఎక్కువగా కూర్చుంటున్నది రచయిత ఎవరితోనూ వాదించని ప్యాసేజ్‌ల మీద. తేనెటీగ నాట్యం చేసి పూలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో తోటివాటికి ఎలా చెబుతుందో వివరిస్తాడంతే. అక్క చెప్పిన ‘ఎవరి మాట కాదంటున్నాడు’ అక్కడ పనికిరాదు. అలాంటప్పుడు ‘తేనెటీగలను కాపాడాలి’ లాంటి ఆప్షన్‌ని, ఎంత మంచి మాటైనా సరే, ముందే కొట్టేస్తున్నాను. ఆయన అలా ఎక్కడా అడగలేదు.