పదిహేడేళ్ల పాప కాన్పుకొస్తే డ్యూటీ సిస్టర్ ఏం రాయాలి

"పోలీసోళ్లకు చెప్పొద్దు సిస్టరమ్మా, మేనమామకే ఇచ్చినాం, బయట తెలిస్తే పరువు పోతాది." చిత్తూరు, తిరుపతి పల్లెల నుంచి కాన్పుల వార్డుకొచ్చే తల్లుల నోట ఈ మాట కొత్తేం కాదు. ఆధార్ చూస్తే పాపకు పదిహేడు.

18 నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 'ఎవరైనా' పోలీసులకు చెప్పాలంటుంది 2012 పోక్సో చట్టం (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 19వ సెక్షన్. డాక్టరొక్కరే అనలేదు. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పెళ్లయిందన్న మాట అడ్డం రాదు. భార్యే అయినా 18 నిండకపోతే అది అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

చిక్కంతా తర్వాతే. చెబితే ఆ మేనమామ జైలుకు పోతాడు, పాపకూ బిడ్డకూ ఉన్న ఒక్క ఆసరా పోతుంది. ఊళ్లో ఆ కబురు పాకితే ఇంకో పాపను ఆసుపత్రికి తేరు, ఇంట్లోనే మంత్రసానిని పిలుస్తారు. ఫిట్స్, రక్తహీనత ముప్పు ఎక్కువుండే వయసు అది. కాబట్టి ఆ తల్లి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. అయినా దాచే హక్కు మనకు లేదు. ఎలా చెబుతామన్నదే మన చేతిలో ఉంది.

ముందు వైద్యం. పోలీసు కాగితం వచ్చేదాకా ఆగమని 2020 పోక్సో నియమాల్లో ఎక్కడా లేదు, ఆగొద్దనే ఉంది. బరువు చూడాలని పాపను పక్కగదికి తీసుకెళ్లి, "ఏం జరిగిందో చెప్పమ్మా" అని ఒక్కసారే అడగాలి. "మామ బలవంతం చేశాడా?" అని నోట్లో మాట పెట్టకూడదు. "ఎవరికీ చెప్పన్లే" అని మాటివ్వకూడదు. చాలామంది జాలిపడి ఇచ్చేసేది ఆ మాటే. కేస్ షీట్‌లో పాప అన్న మాటలు అన్నట్టే, టైముతో సహా. దెబ్బలుంటే ఎక్కడ, ఏ రంగు, ఎన్ని సెంటీమీటర్లు. 'రేప్ జరిగింది' అని తీర్పు రాయడం మన పని కాదు. తప్పు పడితే ఒక గీత కొట్టి సంతకం పెట్టాలి, వైట్‌నర్ వద్దు.

ఇన్‌చార్జి సిస్టర్ చెవిన వేసి చేతులు దులుపుకుంటే చాలదు. డాక్టరు ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా ఆసుపత్రిలో చేసే నమోదు) చేశారా, పోలీసులకు పంపిన కాగితానికి అందినట్టు సంతకం వచ్చిందా చూసుకోవాలి. నానుస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో మనమే ఫోన్ చేయొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు నిలవదు. పాప పేరు మాత్రం వార్డు వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.

దర్శనానికొచ్చిన పొరుగు రాష్ట్రం వాళ్లయితే "మా ఊర్లో చూసుకుంటాం" అని సాయంత్రం బండెక్కేస్తారు. నేరం ఎక్కడ జరిగినా ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకున్నా నమోదు చేసే కేసు) కట్టించొచ్చు. వాళ్లు వెళ్లేలోపే చెప్పాలి.

గర్భం తీయించుకోవడానికొస్తే కొంచెం వెసులుబాటుంది: పాప, గార్డియన్ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పాప పేరు, వివరాలు డాక్టరు రాయక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గర్భస్రావం వరకే.