నీకు వెళ్ళే చోటుంది కదా

“నీకో దేశం ఉంది. అక్కడ ఆకాశంలోంచి ఏమీ పడవు. మరి మాతోపాటు ఈ నేలమాళిగలో ఎందుకు కూర్చున్నావ్?”

2024 అక్టోబరులో ఒక సాయంత్రం, ఇజ్రాయెల్లోని హైఫాలో, బాంబు షెల్టర్లో అందరి ముందూ, మా కింది వాటా పెద్దావిడ అడిగేసింది. వెటకారం లేదు. మాట వినని మనవరాలిని మందలించే గొంతు. నేను పీహెచ్‌డీ అనీ, ఇంకా రెండు పేపర్లు రాయాలనీ ఏదో గొణిగాను. ఆవిడ పెదవి విరిచి ఒళ్ళో ఉన్న కుక్క వైపు తిరిగిపోయింది.

అలా అడిగే హక్కు ఆవిడకి ఉందనే అనుకుంటాను. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి హైఫాకి వచ్చిందట. సామాను సర్దుకుంటుండగానే 1991 గల్ఫ్ యుద్ధం, ఇరాక్ స్కడ్ క్షిపణులు, గ్యాస్ మాస్కులు. 2006లో లెబనాన్ నుంచి హిజ్బొల్లా అనే సాయుధ దళం రాకెట్లు. ఇప్పుడు మళ్ళీ అవే. చెల్లెలు ఖార్కివ్‌లోనే ఉంది, అక్కడ 2022 నుంచి రష్యా బాంబులే. ఆవిడ వెళ్ళిపోదామనుకుంటే ఉన్న సొంతూరు అది. నా సంగతి అలా కాదు. అదే ఆవిడ బాధ.

హైఫా నుంచి లెబనాన్ సరిహద్దు దాదాపు 40 కిలోమీటర్లు. అప్పట్లో సైరన్ మోగితే ఒక్క నిమిషంలో లోపలికి చేరాలి, పది నిమిషాలు అక్కడే ఉండాలి. గల్ఫ్ యుద్ధం తర్వాత చట్టం మారి, కొత్తగా కట్టే ఇళ్ళలో ఫ్లాటుకో కాంక్రీటు గది తప్పనిసరి చేశారు. స్టూడెంట్లకి అందే అద్దెలో దొరికేవి మాత్రం అంతకు ముందు కట్టినవి. అంటే మెట్లన్నీ దిగి పరుగెత్తాలి. తలస్నానం ఎప్పుడు చేయాలి, పోపు ఎప్పుడు వేయాలి అన్నది కూడా ఆలోచించుకోవాల్సి వచ్చేది. పోపు మాడినా పర్వాలేదు, స్టవ్ ఆపడం మర్చిపోకూడదు. రాకెట్లని, డ్రోన్లని దారి తప్పించడానికి జీపీఎస్‌ని సైన్యం తారుమారు చేయడంతో, నేను హైఫాలో గదిలో కూర్చుని ఉంటే ఫోను మాత్రం లెబనాన్ రాజధాని బీరూట్ విమానాశ్రయంలో చూపించేది. లొకేషన్ కనబడుతుంటే ధైర్యంగా ఉంటుందని అమ్మకి షేర్ చేసి పెట్టాను. ఒకరోజు పొద్దున్నే ఫోన్: “బీరూట్ ఎందుకెళ్ళావే?” ఆ టెన్షన్ తీర్చడానికి గంట పట్టింది.

ల్యాబ్‌లో మరో రకం. మీటింగ్ మధ్యలో మోగేది. అందరూ లేచి వెళ్ళి, తిరిగొచ్చి, ఆగిన స్లైడు దగ్గరే మొదలుపెట్టేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాఫీ కప్పులు కూడా వెంట తెచ్చుకునేవాళ్ళు.

ఎందుకు ఉన్నాను? అమ్మకి చెప్పే జవాబు ఒకటుంది: ల్యాబ్‌లో పెంచే కణాలకి రెండు మూడు రోజులకోసారి మీడియా అనే పోషక ద్రవం మార్చకపోతే చచ్చిపోతాయి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో ఇన్నేళ్ళ శాంపిల్స్ ఉన్నాయి, వాటిని సూట్‌కేసులో పెట్టుకుని రాలేను. బాబాయికి చెప్పేది ఇంకోటి. “మన దగ్గర యూనివర్సిటీలు లేవా?” అంటాడు ఆయన. ఉన్నాయి బాబాయ్, కానీ సగంలో వదిలేసి వచ్చినదాన్ని ఏ గైడు తీసుకుంటాడు, తీసుకున్నా ఫెలోషిప్ ఏ నెలలో పడుతుందో ఆ గైడుకే తెలియదు. ఇవన్నీ నిజాలే. అయినా షెల్టర్లో ఆ పెద్దావిడ ముందు చెబుతుంటే పాఠం అప్పజెప్పినట్టే అనిపించింది. 2023 అక్టోబరులో యుద్ధం మొదలవగానే, మన ప్రభుత్వం ఆపరేషన్ అజయ్ పేరుతో నడిపిన విమానాల్లో వెళ్ళిన మా వాళ్ళకీ ఫ్రీజర్లున్నాయి, గైడులున్నారు. వాళ్ళు వెళ్ళారు, నేను ఉన్నాను. వాళ్ళు పిరికివాళ్ళూ కాదు, నేను ధైర్యవంతురాలినీ కాదు.

నిజానికి నాకు ఒళ్ళు మండింది ఆ ప్రశ్న మీద కాదు. దాని వెనకున్న లెక్క మీద. ఆ గదిలో అందరిదీ ఒక భయం, నాది వేరే రకం భయం, టికెట్ కొనుక్కుంటే పోయే భయం అని. కొన్ని రోజులు ఉడుక్కున్నాను. మేమూ పరుగెత్తుతున్నాం కదా, మాకూ గుండె దడే కదా అని. తర్వాత ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు. ఉత్తర సరిహద్దు ఊళ్ళ నుంచి సుమారు 60 వేల మందిని ఖాళీ చేయించారు. అటువైపు లెబనాన్‌లో పది లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారని అక్కడి ప్రభుత్వం చెప్పింది. వాళ్ళకి సైరనూ లేదు, షెల్టరూ లేదు. గాజా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉండాలా, వెళ్ళాలా అని రోజూ కూర్చుని ఆలోచించుకునే వీలు ఇంతమందిలో నాబోటి వాళ్ళకే ఉంది.

మా ల్యాబ్‌లో ఉత్తరాన గలిలీ వైపు అరబ్ పల్లెటూరి అమ్మాయి ఉంది. వాళ్ళ ఊళ్ళో పబ్లిక్ షెల్టరే లేదు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో సరిహద్దు దాటిపోయిన బంధువులు లెబనాన్‌లో ఉన్నారు. మా నెత్తి మీదుగా విమానాలు ఉత్తరానికి వెళ్తుంటే మాట మధ్యలో ఆపి ఫోను చూసుకునేది. నన్ను ఎప్పుడూ ఆ ప్రశ్న అడగనిది తనొక్కతే.

ఇంకొకాయన అడిగాడు, వేరేలా. హైఫాకి ఉత్తరాన క్రయోత్ అనే శివారు ఊళ్ళలో, మంచం దిగలేని ఒక ముసలాయన్ని చూసుకునే నిజామాబాద్ అన్న. ఇక్కడ ఇళ్ళల్లో ముసలివాళ్ళ సేవ చేసే తెలంగాణ వాళ్ళు చాలామంది ఉన్నారు. వీసా ఆ పనికే ముడిపడి ఉంటుంది, ఊళ్ళో అప్పు ఉంటుంది. సైరన్ మోగితే ఏం చేస్తావన్నా అంటే, “తాతను కుర్చీల కూసోబెట్టేసరికే నిమిషం అయిపోతది చెల్లే. గందుకే ఆయన పక్కన్నే కూసుంట” అన్నాడు. ఆయన్ని వదిలి మెట్ల కిందకు పోవచ్చు కదా అని అడగబోయి ఊరుకున్నాను. “నువ్వు పోతవా మరి?” అన్నాడు. ఏమో అన్నా అన్నాను. “పోతే మంచిదే. ఉంటె ఆదివారం నాకు బ్యాంకు కాయితం నింపియ్యాలె” అన్నాడు.

ఆ కాగితం నింపాను. ఫ్రీజర్ కంటే అదే కొంచెం గట్టి కారణంలా అనిపించింది. అమ్మకి చెప్పలేదు, చెబితే ఒప్పుకోదు.

నవంబరు 27 తెల్లవారుజామున లెబనాన్‌తో కాల్పుల విరమణ మొదలైంది. ఆ మర్నాడే ఇంటి నుంచి ఫోన్, సంక్రాంతికి రావాల్సిందేనని. ఎయిరిండియా డైరెక్టు ఫ్లైట్లు ఇంకా మొదలవలేదు, గల్ఫ్ మీదుగా తీసుకున్నాను. నిజామాబాద్ అన్న వాళ్ళమ్మాయికి ఇమ్మని బ్యాగొకటి నాకిచ్చాడు, హైదరాబాద్‌లో వాళ్ళ బావమరిది వచ్చి తీసుకుంటాడట. టికెట్ అమ్మకి వాట్సాప్‌లో పంపాను. వచ్చే తారీఖు చూసి సంతోషించి, కిందికి జరిపి రెండో తారీఖు కూడా చూసింది.

“తిరుగు టికెట్ ఇప్పుడే ఎందుకు కొన్నావే?”

రెండూ కలిపి కొంటే చవక అని చెప్పాను.