లాంచీ స్టేషన్‌లో మంచినీళ్ల లెక్క

ఎండలు ముదిరితే నాగార్జునసాగర్ లాంచీ స్టేషన్ దగ్గర మా టీ కొట్టుకు పాల కంటే ముందు నీళ్ల టెన్షన్ మొదలవుతుంది. డ్యాం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అది 510 దాకా పడిపోయిన ఏడాది నీటి అంచు ఎక్కడో కిందికి జరుగుతుంది, మధ్యలో బురదా రాళ్లూ. నల్లా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

మొన్న ఒక పిల్లగాడు చేయి కడుక్కుంటూ, "ఏందక్కా, ఎదురుంగ గింత సాగర్ ఉంటే చెంబు నీళ్లకు లెక్కనా?" అన్నాడు. "ఆ నీళ్లల్ల పొద్దటి సంది ఎంతమంది కాళ్లు కడిగిన్రో చూడు తమ్మీ" అన్నాను.

మా దగ్గర ఏ నీళ్ల పని ఆ నీళ్లదే. తాగడానికి క్యాను నీళ్లు, అదీ కుళాయి ఉన్న క్యానే. అందులో ఎవరినీ చెంబు ముంచనివ్వను. టీకి నల్లా నీళ్లు. గ్లాసుల మొదటి కడుగుడుకు సాగర్ నీళ్లు, అవీ తేటపడ్డాకే. అందుకు చిల్లగింజను, అంటే చిల్లచెట్టు విత్తనాన్ని, గరుకు రాయి మీద చుక్క నీళ్లేసి అరగదీస్తే తెల్లటి గంధం దిగుతుంది. దాన్ని బిందెలో కలిపి, కర్రతో మెల్లగా తిప్పి, ఇక కదపకుండా వదిలేయాలి. మడ్డంతా అడుక్కి చేరాక పై నీళ్లు వంచుకుంటాను. తేటగా కనబడినా క్రిములు పోయినట్టు కాదు, అందుకే గ్లాసులకు ఆఖరి కడుగుడు మరిగిన నల్లా నీళ్లతోనే.

ట్యాంకర్ వస్తే నేను అడిగే మొదటి మాట, ఏ బోరు నీళ్లని. మా పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా అమ్మ మోకాళ్లను ఏం చేసిందో రోజూ చూస్తూ పెరిగాను. మరిగిస్తే సరిపోతుందని ఇప్పటికీ చాలామంది అంటారు. సరిపోదు! ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ మిగిలిపోయి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన నల్గొండ పేరే పెట్టుకుంది. అది కొలతల ప్రకారం చేయాల్సిన పని, కొట్టు ముందు అంచనాగా చేసేది కాదు. అందుకే తెలియని బోరు నీళ్లు నా టీ గిన్నెలోకి రావు, ఎంత కరువొచ్చినా సరే.

మా ఆయన లాంచీలో హెల్పర్. నాగార్జునకొండకు వెళ్లే ట్రిప్పులో నీళ్ల క్యాన్లు నీడలో పెట్టి, జారకుండా తాడుతో కట్టేస్తాడు. పోవడానికే గంట దాకా పడుతుంది, ఆపైన మ్యూజియం, ఎండలో నడక. కొండ మీద ఇక్ష్వాకుల కాలం నాటి స్నానఘట్టం ఉంది. డ్యాం కడితే కింద లోయ మునిగిపోతుందని రాళ్లన్నీ తెచ్చి పైన మళ్లీ పేర్చారు. తప్పకుండా చూడండి, నాకు అక్కడ అన్నిటికంటే ఇష్టమైంది అదే. కానీ అక్కడ దొరుకుతాయిలే అని పిల్లల్ని వెంటేసుకుని వట్టి చేతులతో లాంచీ ఎక్కొద్దు. టికెట్ తీసుకోకముందే సీసాలు నింపుకోండి, మా క్యానులో పట్టుకున్నా నేను డబ్బులు అడగను.

ఇంకొక్కటి. సగం తాగి సీట్ల కింద వదిలేసిన సీసాలు సాయంత్రం మా ఆయన సంచి నిండా ఏరుకొస్తాడు. ఆ నీళ్లు గ్లాసులు కడిగే టబ్బులోకి పోతాయి, నాకు పనికొస్తాయి కూడా. కానీ అవి తాగే నీళ్లు. మూత బిగించి, దారిలో తాగడానికి వెంట తీసుకెళ్లండి.