నల్గొండ నీళ్ల పేపరును ఎవరు చదవాలి?

మా విభాగంలో పిహెచ్‌డి చేస్తున్న ఒక అమ్మాయి నాలుగేళ్లుగా నల్గొండ జిల్లాలోని కొన్ని గ్రామాల బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, వానలు పడినప్పుడూ ఎండాకాలంలోనూ ఆ పరిమాణం ఎలా మారుతోందో, ఆ నీరు తాగేవారి ఎముకల మీద, పళ్ల మీద దాని ప్రభావం ఏ మేరకు కనబడుతోందో పరిశీలిస్తోంది. నేను ఆమెకు గైడ్‌ను. గత నెలలో ఆమె మొదటి పేపరును ఒక విదేశీ జర్నల్ అంగీకరించింది. రెండు విడతల రివ్యూ, పదకొండు నెలల నిరీక్షణ తరువాత వచ్చిన ఆ కబురుతో విభాగమంతా సంతోషించింది. సాయంత్రానికి రెండో మెయిల్ వచ్చింది. 2,500 డాలర్లు చెల్లిస్తే పేపరు వెలువడిన రోజు నుంచే ఎవరైనా ఉచితంగా చదవవచ్చునని, చెల్లించకపోతే చందా కట్టిన సంస్థలవారికి మాత్రమే అది అందుతుందని, ఏ సంగతీ పది రోజుల్లోగా తెలియజేయాలని అందులో ఉంది.

మన లెక్కలో అది రెండు లక్షల రూపాయలకు పైమాటే. సీనియర్ రీసెర్చ్ ఫెలోగా ఆమెకు నెలకు వచ్చేది 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే, అయిదు నెలల ఫెలోషిప్ పైసా మిగల్చకుండా కట్టవలసి ఉంటుంది. మా ప్రాజెక్టు బడ్జెట్‌లో రసాయనాలకు, గాజు సామానుకు, గ్రామాలకు వెళ్లివచ్చే జీపు కిరాయికి పద్దులున్నాయి కానీ ప్రచురణకు పద్దు లేదు. మాఫీ కోరుతూ రాశాము. అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు చాలావరకు పేద దేశాల రచయితలకు ఈ రుసుమును మినహాయిస్తాయి, కానీ ఆ జాబితాల్లో సాధారణంగా భారతదేశం ఉండదు. మాకూ అదే జవాబు వచ్చింది.

ఆ రాత్రి నాకు పదే పదే గుర్తుకు వచ్చింది రెండేళ్ల కిందట ఒక ఊళ్లో, మేము బిందెలోంచి నీళ్లు సీసాలో పట్టుకుంటున్నప్పుడు, నడుం వంగిపోయిన ఒక ముసలమ్మ అడిగిన మాట. "బిడ్డా, పోయినసారి పట్టుకపోయిన నీళ్ల సంగతి ఏం తేలింది?" అని ఆమె అడిగింది. పరిశోధన ఫలితాలు ఎవరికి చెందాలన్న ప్రశ్నను అంతకంటే సూటిగా అడిగినవారు నాకు ఇప్పటిదాకా తారసపడలేదు. నీళ్లు ఆమెవి, జబ్బు ఆమెది, నా జీతమూ నా విద్యార్థిని ఫెలోషిప్పూ ఆమెలాంటి వారు సబ్బు, నూనె కొన్నప్పుడల్లా కట్టే పన్నుల నుంచి వచ్చినవే. పేపరు రాసినది మేము. దానిని పరిశీలించి లోపాలు ఎత్తి చూపిన ఇద్దరు రివ్యూయర్లు కూడా ఎక్కడో ఒక విశ్వవిద్యాలయంలో జీతం తీసుకుంటూ, జర్నల్ నుంచి ఏమీ ఆశించకుండా ఆ పని చేసినవారే. నేనూ ఏటా ఏడెనిమిది పేపర్లు అలాగే రివ్యూ చేస్తాను. దానిని ఇప్పటికీ ఇష్టంగానే చేస్తాను.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, మన దేశంలో మొదట గుర్తింపు పొందినది కూడా తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని వివరిస్తూ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ పత్రిక పాత సంచికలను స్కాన్ చేసి అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత ఆన్‌లైన్ భండారంలో ఉంచారు కనుక, ఈరోజు తార్నాకలో బస్సు కోసం నిలబడిన విద్యార్థి సైతం తన ఫోనులో ఆ వ్యాసాన్ని చదువుకోవచ్చు. దాదాపు తొంభై ఏళ్ల నాటి నెల్లూరు నీళ్ల సంగతి అందరికీ అందుబాటులో ఉండి, ఈ ఏటి నల్గొండ నీళ్ల సంగతి తాళం వెనుక ఉండడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించుకోలేకపోతున్నాను.

ఓపెన్ యాక్సెస్ అనే మాటకు ఒక స్పష్టమైన అర్థం 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటనతో ఏర్పడింది. చదవడానికి, దించుకోవడానికి, నకలు తీసి పంచుకోవడానికి పాఠకునికి డబ్బు అడ్డంకి కానీ, అనుమతి అడ్డంకి కానీ ఉండరాదన్నది దాని సారం. అందులో రచయిత డబ్బు కట్టి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. అంతకు పదకొండేళ్ల ముందే, 1991లో, భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ అనే సర్వర్‌ను మొదలుపెట్టారు. అక్కడ పేపరు పెట్టేవారూ చదివేవారూ ఈనాటికీ ఒక్క రూపాయి చెల్లించనక్కరలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయం, సభ్య సంస్థలు, దాతృత్వ నిధులు కలిసి ఆ ఖర్చును భరిస్తూ వచ్చాయి.

మరి రచయిత మీద భారం ఎలా పడింది? చందాలతో నడిచే జర్నళ్లు ఏటేటా ధర పెంచుతూ పోతుంటే గ్రంథాలయాలు తట్టుకోలేకపోయాయి. పాఠకుని నుంచి తీసుకోకపోతే ఎవరి నుంచి తీసుకోవాలన్న ప్రశ్నకు, పరిశోధనకు నిధులిచ్చేవారే ప్రచురణకూ ఇస్తారు కనుక రచయిత ద్వారా తీసుకోవచ్చునన్న జవాబు ముందుకు వచ్చింది. ఆ రుసుమునే మేము ఏపీసీ (ఆర్టికల్ ప్రాసెసింగ్ ఛార్జ్) అంటాము. నిధులు సమృద్ధిగా ఉన్న చోట అది నడిచింది. 2018లో యూరప్ నిధి సంస్థలు కొన్ని ప్లాన్ ఎస్ పేరుతో, తమ డబ్బుతో జరిగిన పరిశోధన వెలువడిన వెంటనే అందరికీ అందాలని షరతు పెట్టాయి. ఆ ఉద్దేశాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ 2020లో నేచర్ పత్రిక ఒక్కో పేపరుకు 9,500 యూరోల రుసుమును ప్రకటించినప్పుడు, అంటే మన డబ్బులో ఎనిమిది లక్షల రూపాయలకు పైగా, ఈ దారిలో మనలాంటి వారు ఎంత దూరం నడవగలరో తేలిపోయింది. మరో ఉదాహరణ చెబుతాను. మా బీఎస్సీ విద్యార్థులకు నేను ఫాస్ఫరస్‌ను కొలవడం నేర్పేది ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో దానిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు. 2021 నుంచి ఆ జర్నల్ పూర్తిగా ఓపెన్ యాక్సెస్‌కు మారింది. చదవడం అందరికీ ఉచితం, ప్రచురించడానికి రచయిత రుసుము కట్టాలి. చదివేవాడి ముందు లేచిన గోడను రాసేవాడి ముందుకు జరిపారు, అంతే.

మన ప్రభుత్వం ఎంచుకున్నది ఎక్కువగా చందా దారి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ద్వారా 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతున్నాయి. దీనివల్ల మేలు జరగలేదని నేను అనను. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పనిచేసే నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇంతకు ముందు ఒక్కో పేపరు కోసం స్నేహితులకు ఫోన్లు చేసేవాడు, ఇప్పుడు తన గదిలోనే కూర్చుని చదువుకుంటున్నాడు. అయితే నల్గొండలో సొంత క్లినిక్ నడుపుకునే డాక్టరు, పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు, నీటి సమస్య మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, ప్రైవేటు కళాశాలలో పాఠం చెప్పే లెక్చరర్ ఈ ఏర్పాటులోకి రారు. పైగా చందా అంటే అద్దె వంటిది; మూడేళ్లు గడిచాక మళ్లీ కట్టాలి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో ప్రచురించే రచయితలకు సాయంగా ఏటా 150 కోట్లు కూడా ఇదే పథకంలో పేర్కొన్నారు. అది కొందరికి ఉపశమనమే అయినా, ఆ డబ్బు కూడా చివరికి చేరేది రుసుము నిర్ణయించే ప్రచురణ సంస్థలకే.

రచయిత డబ్బు కట్టే పద్ధతి తెచ్చిన మరో కీడు మన నగరానికి బాగా తెలుసు, అది రాయడానికి నాకు బాధగా ఉంది. ఎక్కువ పేపర్లు అంగీకరిస్తే ఎక్కువ ఆదాయం వస్తుందన్నప్పుడు, రివ్యూ పేరుకు మాత్రమే మిగిలిన పత్రికలు పుట్టుకొస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, రచయితలను మోసగించిందని తేల్చిన అక్కడి న్యాయస్థానం 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. పిహెచ్‌డికీ పదోన్నతికీ పేపర్ల సంఖ్యను కొలబద్దగా పెట్టిన మన వ్యవస్థలో ఎందరో యువకులు ఇలాంటి పత్రికలకు అప్పు చేసి మరీ డబ్బు కట్టారు. వారిని నిందించే ముందు, ఆ సంఖ్యను అడిగిన మాలాంటి పెద్దలం మమ్మల్ని మేము ప్రశ్నించుకోవాలి.

జర్నల్ నడపడానికి ఖర్చు ఉంటుందన్న మాట నిజం. ప్రతిని సరిదిద్దేవారికి, పేజీలు కూర్చేవారికి, సర్వర్‌కు, దొంగ రాతలను పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కావాలి. ఆ డబ్బును పేపరుకు ఇంతని కాక, పత్రికకు ఏడాదికి ఇంతని నేరుగా ప్రజా నిధుల నుంచే ఇస్తే పాఠకుడూ కట్టనక్కరలేదు, రచయితా కట్టనక్కరలేదు. దీనిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్ర పరిశోధన నిధి సంస్థ అండతో 1990ల చివరలో మొదలైన సైలో అనే ఆన్‌లైన్ వేదిక, ప్రజా నిధులతో లాటిన్ అమెరికా దేశాల వందలాది పత్రికలను అందరికీ ఉచితంగా అందిస్తోంది. మనకూ ఇది కొత్త కాదు: బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికల పాఠాన్ని తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచుతోంది, 1913లో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడుపుతోంది, దానిని ఎవరైనా చదవవచ్చు. ఏటా చందాలకు వెచ్చిస్తున్న సుమారు 2,000 కోట్లలో చిన్న వాటాను ఇలాంటి పత్రికలకు మంచి సంపాదకులను, పూర్తికాలపు సిబ్బందిని ఇవ్వడానికి కేటాయిస్తే, మా విద్యార్థులు తమ మొదటి పేపరును సంకోచం లేకుండా అక్కడికే పంపుతారని నా నమ్మకం. ఆ జర్నళ్ల పేరు తక్కువ అన్న భయం ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునే మా నుంచే విద్యార్థులకు సంక్రమిస్తోంది. దానిని పోగొట్టవలసినదీ మేమే.

మా పేపరు విషయానికి వస్తే, మేము డబ్బు కట్టలేదు. ఒప్పంద పత్రాన్ని నేనూ నా విద్యార్థినీ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వాక్యం వాక్యం చదివాము. రివ్యూ తరువాత అంగీకారం పొందిన రాతప్రతిని, జర్నల్ పేజీల రూపంలో కాకుండా మేము టైపు చేసిన రూపంలో, పన్నెండు నెలల తరువాత మా సంస్థ రిపాజిటరీలో, అంటే అందరూ చదవగల ఆన్‌లైన్ భండారంలో, పెట్టుకోవచ్చునని అందులో ఉంది. రివ్యూకు పంపక ముందు రాసుకున్న మొదటి ప్రతిని ప్రిప్రింట్‌గా వెంటనే పెట్టడానికి కూడా అభ్యంతరం లేదు. ఈ హక్కులు చాలా ఒప్పందాల్లో ఉంటాయి, అయినా ఇరవై ఏళ్లుగా పేపర్లు రాస్తున్న నేను వాటిని ఇంత శ్రద్ధగా చదవడం ఇదే మొదటిసారి అని ఒప్పుకోవాలి. ప్రిప్రింట్ ఆ వారమే పెట్టేశాము.

"మేడమ్, ఆ ఊరివాళ్లకు ఇంగ్లిషు ప్రిప్రింట్ వల్ల ఏం లాభం?" అని ఆ అమ్మాయి అడిగింది. అందుకని ఏ బోరు నీళ్లు తాగవచ్చో, వేటిని వంటకు కూడా వాడకూడదో తెలుగులో రెండు పేజీలు ఆమే రాసింది, బోర్లను ఊరివాళ్లు పిలుచుకునే పేర్లతోనే. నలభై ప్రతులు జిరాక్స్ తీయించాము. రాబోయే ఆదివారం వాటిని తీసుకుని వెళ్తున్నాము. ముందుగా ఆ ముసలమ్మ ఇంటికే.