బొట్టుబిళ్ల పెట్టుకున్న బోర్డు

మా బడిలో దాన్ని అందరూ పెద్ద టీవీ అనే అంటారు. వేలితో ముడితే పనిచేసే తెర అది. కాగితాల్లో మాత్రం ఐఎఫ్‌పీ. ‘ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్’ అని పూర్తిగా పలికేది మా హెచ్‌ఎం గారొక్కరే, అదీ ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజున.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్లని బాగుచేసిన నాడు-నేడు పథకంలో బాగుపడిన హైస్కూళ్లకి 2023లో ఇవి వచ్చాయి. మాది ప్రకాశం జిల్లాలో, మండల కేంద్రం నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఉద్యోగంలో చేరింది 2002లో. అప్పట్లో నేను పనిచేసిన బడిలో కరెంటుతో నడిచేవి రెండే: ఆఫీసు రూములో ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు. బెల్లంటే వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క, పక్కన సుత్తి.

ప్యానెల్‌ని గోడకి బిగించడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. గంటలో పని ముగించి, “ఏం లేదు మేడం, ఫోన్ లాంటిదే” అని చెప్పి బండెక్కి వెళ్లిపోయారు.

ఫోన్ లాంటిదే! నా బాధంతా అదే కదా.

ఫోనుతో నా కష్టాలు 2020లో మొదలయ్యాయి. బళ్లు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. ఎవరు చూశారో, ఎవరు చూళ్లేదో కనుక్కోవడం మా పని. మా పదో తరగతికి వాట్సాప్ గ్రూపు పెడితే 41 మందిలో 17 మంది చేరారు. ఆ ఫోన్లు కూడా వాళ్ల నాన్నలవి, రాత్రి ఏడు దాటితే గానీ పిల్లల చేతికి రావు. సరే, పాఠం రికార్డు చేసి పంపుదాం, వీలైనప్పుడు చూసుకుంటారులే అనుకున్నా. వంటింట్లో వెలుతురు బాగుంటుందని కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి కుంభాకార కటకం (కాన్వెక్స్ లెన్స్) చెప్పా. పన్నెండు నిమిషాల వీడియో. పంపిన అరగంటకి ఒక పిల్లాడి మెసేజి: “మేడం, నాలుగు విజిళ్లు వచ్చాయి, స్టవ్ కట్టేశారా?” ఆ తర్వాత ఆరు నెలలు నేను వీడియో జోలికి పోలేదు.

అదే ఏడాది టీచర్లకిచ్చే నిష్ఠ శిక్షణ అంతా ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌లోనే జరిగింది. కోర్సులన్నీ పూర్తి చేసినట్టు నా దగ్గర సర్టిఫికెట్లున్నాయి. ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నా, సగం మా అబ్బాయి నొక్కాడు. వాడప్పుడు ఇంజనీరింగ్, ఇంట్లోనే ఉన్నాడు. బోధనలో ఐసీటీని, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ లాంటివాటిని, ఎలా వాడాలి అని ఒక మాడ్యూలు ఉంటుంది, అది కూడా వాడే నొక్కాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నా.

నాకు వయసైపోయిందనీ, అందుకే భయమనీ ఇంట్లో అందరూ అనేవాళ్లు. కాదని నాకిప్పుడు అనిపిస్తుంది. ఫోను నా దగ్గరికి ఎప్పుడూ లెక్క అడగడానికే వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, 2022 నుంచి మొహం చూపించి హాజరు. పొద్దున్నే సిగ్నల్ కోసం గేటు దగ్గర టీచర్లందరం ఫోన్లు మొహాలకి ఎదురుగా పెట్టుకుని నిలబడితే, పిల్లలు మమ్మల్ని చూసుకుంటూ లోపలికి వెళ్లేవాళ్లు. టైం దాటిపోతోందంటే గుండె దడ. అలాంటి వస్తువుని చూసి ఎవరికి మాత్రం ప్రేమ పుడుతుంది? ఆ ఏడాది డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ, మాకూ ట్యాబ్‌లు ఇచ్చారు. నాది చాలాకాలం బీరువాలో చీరల కింద ఉంది.

ఇక ప్యానెల్. మొదటి నెలంతా దాన్ని టీవీలాగే వాడా. పెన్‌డ్రైవ్ పెట్టడం, వీడియో నొక్కడం, పక్కన నిలబడటం. ఒకరోజు ధైర్యం చేసి దాని మీద రాశా. ఓం నియమం, V = IR అని రాసి కిందకి వచ్చేసరికి పైన V మాయం. మళ్లీ రాశా, మళ్లీ పోయింది. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద చెయ్యి ఆనించి రాసిన అలవాటు నాది. పిల్లలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, జాలిగా చూశారు. ముందు బెంచీలోంచి ఒక పిల్ల మెల్లగా, “మేడం, దానికి అరచెయ్యే డస్టరు” అంది. ఆ పిల్లకెలా తెలుసని అడగలేదు. నేను లేనప్పుడు వీళ్లు దాన్ని ముట్టుకుంటున్నారని అర్థమైంది. తిట్టాల్సింది, తిట్టలేదు.

అసలు కథ ఆ దీపావళి వెళ్లాక జరిగింది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం మధ్యలో ప్యానెల్ దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే మెనూ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వీడియో వెనక్కి పోతుంది. ఎడమవైపు కింద మూల ఎవరో వేలితో టకటకా పొడుస్తున్నట్టు. వెనక బెంచీలో ఒకడు “దెయ్యం మేడం” అన్నాడు. ఆపి మళ్లీ పెట్టా, అదే తంతు. సర్వీసు నంబరుకి ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు ఇచ్చారు. మర్నాడు, ఎల్లుండి కూడా అదే నంబరు చదివి వినిపించారు. మా అబ్బాయికి ఫోన్ చేస్తే, “అమ్మా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి...” అని మొదలుపెట్టాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లనిస్తేగా అది!

మూడోరోజు సాయంత్రం బడి వదిలాక ఆఫీసు బీరువాలో వెతికితే ప్యానెల్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం దొరికింది, రబ్బరుబ్యాండు కూడా తియ్యలేదు. ఇంటికి తీసుకెళ్లి చదివా. రెండో పేజీలోనే ఉంది: ఇన్‌ఫ్రారెడ్ టచ్. ఇన్‌ఫ్రారెడ్ అంటే పరారుణ కిరణాలు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి నేను చెబుతున్నవి.

నిద్ర పట్టలేదంటే నమ్మండి. టెన్షన్‌తో కాదు.

దాని పనితీరు ఇది. తెర చుట్టూ ఉన్న ఫ్రేము లోపలి అంచులో రెండు వైపుల చిన్న చిన్న ఎల్‌ఈడీలు వరసగా ఉంటాయి, వాటికి ఎదురుగా మిగతా రెండు వైపుల కాంతిని పట్టుకునే సెన్సర్లు. కంటికి కనబడని కిరణాలు తెర ముందు అడ్డంగా, నిలువుగా నులక మంచం అల్లినట్టు పోతుంటాయి. వేలు పెట్టామంటే అక్కడ కొన్ని అడ్డ కిరణాలు, కొన్ని నిలువు కిరణాలు ఆగిపోతాయి. ఏవి ఆగాయో తెలిస్తే వేలు ఎక్కడుందో దానికి తెలిసిపోతుంది. కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది, దారికి అడ్డొస్తే ఆగుతుంది. అంతే. ఇందులో నాకు తెలియనిది ఏముంది?

అయితే ఆ మూల ఏదో అడ్డుంది.

మర్నాడు ఇంట్లో టీవీ రిమోట్ పట్టుకుని బడికి వెళ్లా. ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కు దానికి చూపించి బటన్ నొక్కా. మామూలుగా చూస్తే ఏమీ లేదు, కెమెరాలో మాత్రం ఊదారంగులో చుక్క మినుక్కుమంది. తొమ్మిదో తరగతి మొత్తం “ఆఁ” అంది. మన కంటికి అందని పరారుణ కాంతి ఆ కెమెరాకి కొంచెం అందుతుంది, అదీ సంగతి. వెనక కెమెరాలకి చాలావాటిలో దాన్ని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది, ముందు కెమెరాలోనే బాగా కనబడుతుంది. తర్వాత ఫోన్ని ప్యానెల్ ఫ్రేము అంచుకి దగ్గరగా పెట్టాం. సన్నటి చుక్కల వరస, దీపాల తోరణంలా. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి చూశారు. ఇరవై ఒక్క ఏళ్లలో పరారుణ కిరణాల గురించి ఇంత తోపులాట నా క్లాసులో ఎప్పుడూ జరగలేదు.

“ఆ వరసలో ఎక్కడైనా తెగిందేమో చూడండి” అన్నా. డస్టరు గురించి చెప్పిన పిల్ల చెల్లెలు ఈ క్లాసులోనే ఉంది. కింద మూలకి వంగి, గోటితో ఏదో గీకి, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది.

బొట్టుబిళ్ల. మెరూన్ రంగు, నంబర్ త్రీ సైజు.

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఆడపిల్లలందరూ ఒకసారి నా మొహం వైపు చూశారు. ఆ రంగు, ఆ సైజు పెట్టుకునేది మా బడి మొత్తం మీద నేనొక్కదాన్నే. చెమట తుడుచుకుంటూ బొట్టుబిళ్ల తీసి అద్దం అంచుకి అంటించే అలవాటు మీలో ఎంతమందికి ఉందో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం ముప్పై ఏళ్లుగా ఉంది. మా ఇంట్లో అద్దం చుట్టూ డజను ఉంటాయి. నిగనిగలాడే నల్లటి అంచు కనబడేసరికి చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పాపం, ప్యానెల్‌ది ఏ తప్పూ లేదు. మూడురోజుల పాటు ఎవరో నొక్కుతూనే ఉన్నారనుకుంది.

నేనే ముందు నవ్వా.

ఆ వారమంతా మాకు అదే పాఠం. పెన్సిలుతో నొక్కితే పని చేస్తుందా? చేసింది. స్కేలుతో? చేసింది. చాక్‌పీసుతో? వద్దన్నా చేశారు. అదే పెన్సిలు నా ఫోన్ మీద పెడితే కదల్లేదు. ఎందుకని? ఫోన్ తెర కాంతిని చూడదు, విద్యుదావేశంలో తేడాని పట్టుకుంటుంది. కరెంటుని తనలోంచి పోనిచ్చే గుణం మన వేలికి ఉంది, పెన్సిలు చెక్కకి లేదు. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు అన్న మాట తప్పన్నమాట, ఇది ఫోన్ లాంటిది కానే కాదు. ఈ గోల విని లెక్కల మాస్టారు తొంగిచూసి, “మేడం, అడ్డం ఒకటి, నిలువు ఒకటి అంటే అది నా నిరూపక తలం, నా పాఠం మీరు చెప్పేస్తున్నారు” అన్నారు. తర్వాతి పీరియడ్ ఆయనకే ఇచ్చేశా.

అప్పట్నుంచి నాకు దూకుడు వచ్చింది. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసుకునే ప్రయోగాలు, ఉన్నాయని ఎప్పుడో విన్నా. ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. డబ్బు కట్టక్కర్లేదు. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళితే నెట్ లేకపోయినా నడుస్తాయి, మా ఊరికి అదే కావాలి. విద్యుత్ పాఠానికి సర్క్యూట్లు కట్టే సిమ్యులేషన్ పెట్టా. బ్యాటరీ రెండు కొసలనీ ఉత్త తీగతో కలిపితే తెర మీద బ్యాటరీ భగ్గున మండుతుంది. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో నేను ల్యాబులో ఎప్పుడూ చేసి చూపించే సాహసం చెయ్యలేదు. ఆరోజు పిల్లలు కనీసం పాతికసార్లు తగలబెట్టారు. నీలం ఎలక్ట్రాన్లు ఒకవైపు పోయాయి, వాటి బదులు కరెంటు చూపించమని మారిస్తే బాణం గుర్తులు రెండోవైపు పోతున్నాయేమిటని ఒకడు అడిగాడు. పుస్తకంలో ఈ మాట ఒక వాక్యంగా ఉంటుంది. ఏటా చదివించి ముందుకు పోయేదాన్ని, ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

అన్నిటికీ అదే వాడుతున్నానని అనుకోకండి. కిరణ చిత్రాలు ఇప్పటికీ పక్కనున్న గ్రీన్ బోర్డు మీద సుద్దముక్కతో, స్కేలుతోనే గీస్తా. పరీక్షలో వాళ్లు గీయాల్సింది కాగితం మీద పెన్సిలుతో. నేను మెల్లగా గీస్తే వాళ్ల చెయ్యి నా చెయ్యితో పాటు కదులుతుంది. తెర మీద గీత క్షణంలో వచ్చి కూర్చుంటే ఆ చెయ్యి కదలదు. పైగా ఎండాకాలం మధ్యాహ్నాలు మాకు కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలీదు.

మా తెలుగు పండితుల గారికి కూడా ఈమధ్య హుషారొచ్చింది. వచ్చే ఏడాది రిటైరవుతారు. టైపు చెయ్యలేక ఫోన్లో మాట్లాడి తెలుగు రాయించుకోవడం నా దగ్గర నేర్చుకున్నారు. నేనూ అలాగే ప్రశ్నపత్రం తయారుచేస్తుంటే, ‘కుంభాకార కటకం’ అన్నది ‘కుంభకర్ణ కటకం’ అని పడింది. దిద్దకుండా పొరపాటున గ్రూపులో పెట్టేశా. “నిద్రపోయే కటకమా మేడం?” అని ఆయన జవాబు. అలాగే ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం గానీ హెచ్‌ఎం గారు ఒప్పుకోలేదు.

మొన్న శనివారం రెండో పీరియడ్‌లో సోషల్ మాస్టారు ఒక పిల్లాణ్ణి పంపారు. “మేడం, మా క్లాసులో పెద్ద టీవీ నొక్కితే పలకట్లేదంట, మిమ్మల్ని రమ్మంటున్నారు.” ఇదివరకు ఇలాంటి కబురొస్తే పని ఉందని తప్పించుకునేదాన్ని. రిమోట్, ఫోను పట్టుకుని వెళ్లా. జబ్బేమిటో నాకూ తెలీదు, చూద్దాం మాస్టారూ అంటూ లోపలికి అడుగుపెట్టేసరికి, అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు స్టూలెక్కి ఫ్రేము అంచుకి కళ్లు ఆనించి నాలుగువైపులా వెతుకుతున్నారు.

“బొట్టుబిళ్ల లేదు మేడం” అంది ఒకతె, వెనక్కి తిరక్కుండానే.